సుత్తి చప్పుడు లేని వేలం

కలకత్తాలో ఆదివారం ఉదయాన్ని చూడదలచినవారు గంగ ఒడ్డుకు వెళ్లవచ్చు, మైదానానికి వెళ్లవచ్చు. నేను రసెల్ వీధికి వెళ్లాను. పార్క్ వీధి నుండి దక్షిణంగా చీలిన ఆ వీధిలో 1940 నుండి నడుస్తున్న రసెల్ ఎక్స్ఛేంజి అనే వేలంశాల ఉన్నది. ఒకనాడు ఈ ప్రాంతంలో ఇటువంటి శాలలు అనేకం ఉండేవి. దేశం విడిచి వెళ్లే ఆంగ్లేయుల సామాను, చితికిపోయిన జమీందారుల దీపస్తంభాలు, బర్మా టేకు బీరువాలు, గ్రామఫోనులు ఇక్కడికే చేరేవి. లండను నుండి తిరిగివచ్చిన తమ్ముడొకడు ఇంటర్నెట్ సహాయంతో ఈ పాత వ్యాపారాన్ని నిలబెట్టడానికి అన్నగారితో కలిసి పడిన పాట్లను 2014లో ఎడ్వర్డ్ ఓల్స్ అనే దర్శకుడు చలనచిత్రంగా తీశాడు.

నాతో వచ్చిన పెద్దమనిషి ఏదీ కొనడానికి రాలేదు. ఆయన విశ్రాంత ఇంజనీరు, వయస్సు డెబ్బది ఎనిమిది. పేరు అవసరం లేదు. నేను ఆయనను 'దాదా' అనే పిలిచేవాడిని. ఆయన తన కారును అమ్మదలచారు. అది ఈ శాలలో కాదు, కంప్యూటరు తెరమీద, ఏడు రోజులపాటు సాగే వేలంలో. "ఆ అమ్మకంలో సుత్తి చప్పుడు వినబడదట. అందుకే ముందుగా ఒకసారి విని పోదామని వచ్చాను," అన్నారు. మన ఊళ్లలో 'ఒకటోసారి, రెండోసారి, మూడోసారి' అన్నట్లే ఇక్కడా పాట పెరిగింది. సుత్తి పడింది. ఒక గోడగడియారం ఎవరికో దక్కింది. దాదా తృప్తిగా లేచారు.

బాలీగంజ్‌లోని ఆయన ఇంటి ముంగిట, దుమ్ముగుడ్డ కింద, ఆ కారు ఉన్నది. ఎం.జి.ఏ., 1958 నాటిది. ఇద్దరు మాత్రమే కూర్చోగలిగిన, పైకప్పు మడిచివేయగల క్రీడాశకటం. ఇంగ్లండులోని ఏబింగ్డన్ కర్మాగారంలో 1955 నుండి 1962 వరకు ఇటువంటివి లక్షకు పైగా తయారైనవి. అందులో అత్యధిక భాగం అమెరికాకు పోయినవి. దాదా తండ్రిగారు దీనిని 1963లో స్వదేశానికి మరలిపోతున్న ఒక తేయాకు సంస్థ ఉద్యోగి వద్ద కొన్నారు. ఇప్పుడు ఇల్లు కూలగొట్టి అపార్టుమెంట్లు కట్టడానికి ఒప్పందమైనది. పైగా నేలకు జానెడెత్తున ఉన్న ఆ సీటులోనికి దిగి లేవడానికి దాదా మోకాళ్లు ఒప్పుకొనడం లేదు.

ఆ కారు కథలో ఒక చిక్కు ఉన్నది. 1976లో దాని ఇంజను దిమ్మ పగిలింది. విదేశీ మారకద్రవ్యానికి కటకటలాడిన ఆ రోజులలో ఇంగ్లండు నుండి మరొకటి తెప్పించడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు. అయితే కలకత్తాకు ఎగువన, హుగ్లీ ఒడ్డునే ఉన్న ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ కార్లు తయారుచేస్తూ ఉండేది. ఆ అంబాసిడర్ గుండెకాయ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 1489 సి.సి. 'బి' శ్రేణి ఇంజను. ఎం.జి.ఏ. తొలి రకానికి అమర్చినదీ ఆ శ్రేణిలోని 1489 సి.సి. ఇంజనే! శాంతమూర్తివంటి అంబాసిడరుకు ఒక కార్బురేటరు, దూకుడు గల ఎం.జి.కి రెండు. తక్కిన భేదాలు మల్లిక్ బజార్ మిస్త్రీలకు ఒక లెక్క కాదు.

మల్లిక్ బజారును గూర్చి ఒక మాట చెప్పాలి. పార్క్ వీధి పోయి జగదీశ చంద్ర బోస్ రోడ్డులో కలిసే కూడలి వద్ద ఉన్నది ఆ పాత విడిభాగాల సంత. దగ్గరలోనే 1767 నాటి ఆంగ్లేయుల శ్మశానవాటిక. అటు మనుష్యులు, ఇటు మోటారు వాహనాలు! భేదమేమంటే ఇటువైపు పునర్జన్మ ఖాయం. దాదా తండ్రిగారు అక్కడి మిస్త్రీ చేత అంబాసిడర్ ఇంజనును అమర్పించి, కొత్త ఇంజను అంకెను బ్లూ బుక్కులో ఎక్కించారు. కలకత్తావారు రిజిస్ట్రేషను పుస్తకాన్ని అలాగే అంటారు. కారు మరి నలుబది ఏండ్లు పరుగెత్తింది. ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీయే 2014 మే నెలలో నిలిచిపోయింది కాని, దాని ఇంజను ఈ ఎర్రని కారులో ఇంకా పలుకుతూనే ఉన్నది.

బ్రతికించినదే ఇప్పుడు వెలను తగ్గించేదైనది. పాతకార్ల కొనుగోలుదారులు మొదట అడిగేది, ఫ్యాక్టరీలో పడిన ఇంజను అంకె కారులోని ఇంజనుపై ఉన్నదా అని. ప్రభుత్వ నిబంధనా తోడైనది. ఏబది ఏండ్లు దాటిన వాహనాలకు 2021లో ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పడింది, అంకెలో 'వి.ఏ.' అనే అక్షరాలు వస్తాయి, రుసుము ఇరువది వేల రూపాయలు, గడువు పదేండ్లు. కాని చాసిస్, బాడీ, ఇంజను మౌలికంగా మారని వాహనాలకే ఆ గౌరవం.

దాదా అల్లుడుగారు వ్యవహారదక్షుడు. వేలం ప్రకటనలో "ఇంజను: బి శ్రేణి, 1489 సి.సి." అని మాత్రం వ్రాయమన్నాడు. ఆ మాటలలో ఒక్కటీ అబద్ధం కాదు. కలిపి చదివితే మాత్రం అబద్ధమే. దాదా వెంటనే కాదనలేదు. ఇల్లు మారే ఖర్చులు ఎదుట ఉన్నవి. మూడు రోజులు ఆలోచించారు.

ఆ మధ్యలో ఒక మధ్యాహ్నం నన్ను ఆర్.ఎన్. ముఖర్జీ రోడ్డులోని నీల్‌హాట్ హౌస్ ముందుకు తీసుకొనిపోయారు. నీలిమందు సంత అన్న అర్థం ఆ పేరులో నిలిచి ఉన్నది. కలకత్తా తేయాకు వేలం మొదలైనది 1861లో. ఇప్పుడు ఆ వేలమూ కంప్యూటర్ల ద్వారానే జరుగుతుంది. "సుత్తి పోయినా రుచి చూసేవాడు పోలేదు," అన్నారు దాదా. "నమూనా తాగి, ఇది ఇటువంటిదని ముందుగా చెప్పేవాడు లేకపోతే తెర చూసి ఎవడు కొంటాడు?"

ఆ సాయంకాలమే ప్రకటన వ్రాశారు. కారులో ఉన్నది అంబాసిడర్ ఇంజనని మొదటి పేరాలోనే చెప్పారు. ఎం.జి.ఏ.లో కాళ్ల కింద ఉండేది ప్లైవుడ్ పలకలు. బెంగాలు వర్షాలకు ఎడమవైపు పలక చీకిపోయింది. చాప తొలగించి దానినీ ఫోటో తీయించారు. మొత్తం నూట నలుబదికి పైగా ఫోటోలు. రాత్రంతా చల్లారిన ఇంజనును తెల్లవారి మొదటిసారి తిప్పే దృశ్యాన్ని వీడియో తీయమన్నది వేలం సంస్థ. చోక్ లాగి మీట తిప్పగానే అది రెండుసార్లు దగ్గి మేలుకొన్నది. ఎదురింటి బాల్కనీలో ఒక వృద్ధురాలు వచ్చి నిలబడ్డారు.

మొదటి నాలుగు రోజులు పాట మందకొడిగా సాగింది. అల్లుడుగారు ఏమీ అనలేదు, అనకపోవడమే అన్నట్లుండెను. అయిదవనాడు హైదరాబాదు నుండి ఒక ప్రశ్న వచ్చింది: "పగిలిన మొదటి ఇంజను దిమ్మ ఏమైనది?"

దాదా నన్ను మెట్ల కిందికి తీసుకొనిపోయారు. అక్కడ తులసి కుండీకి పీటగా, మన్ను పట్టి, ఆ దిమ్మ ఉన్నది! తండ్రిగారు పాతసామాను వానికి ఇవ్వనిచ్చేవారు కారట. వైరు బ్రష్షుతో రుద్దగా అంకె కనబడింది. 1963 నాటి పాత కాగితంలోని అంకెతో సరిపోయింది. పగులును, అంకెను పక్కపక్కన ఫోటో తీసి, దిమ్మను కూడా అమ్మకంలో చేర్చారు. పగిలిన పోత ఇనుమును కుట్టి బాగుచేసే పనివారు ఉన్నారు. బాగైతే అసలు ఇంజనుతో 'వి.ఏ.' అంకెకు అడిగే అవకాశం కొన్నవానికి ఉంటుంది.

చివరి రాత్రి ముందుగది సోఫాలో అందరం కూర్చున్నాము. అమెరికాలో 2014 నుండి కార్ల వేలం నడుపుతున్న 'బ్రింగ్ ఎ ట్రైలర్' వంటి సంస్థల పద్ధతే ఇక్కడా ఉన్నది: ఆఖరి రెండు నిమిషాలలో ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు మరలుతుంది. మన 'మూడోసారి'కి ముందు ఇచ్చే వ్యవధి వంటిదే. పదకొండుసార్లు గడియారం మరలింది. దాదా మనస్సులో పెట్టుకొన్న కనీస ధర దాటింది. ఎంతకు పోయినదో ఇక్కడ వ్రాయవద్దని ఆయన కోరారు. తెరమీది అంకెల రంగు మారింది. ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. దాదా వ్రేలి కణుపుతో బల్లపై ఒకసారి కొట్టారు.

రాష్ట్రం దాటడానికి నిరభ్యంతర పత్రం, పేరు మార్పు ఫారాలు సిద్ధం కావడానికి కొన్ని వారాలు పట్టినవట. అప్పటికి నేను తిరిగివచ్చాను. ముందు దిమ్మను గోనెసంచిలో చుట్టి నలుగురు కూలీలు లారీలోకి ఎక్కించారనీ, తరువాత కారు ఎక్కిందనీ, చలి ఉదయాలలో చోక్ ఎంత లాగాలో డ్రైవరుకు రెండుసార్లు చెప్పాననీ దాదా ఉత్తరం వ్రాశారు. తులసి కుండీకి ఇప్పుడు ఇటుకలు పెట్టారట.