ఆరుంపావు సెంట్ల వసంతం

ఇంగ్లండులో వసంతాన్ని ఎవరూ ఓ పట్టాన నమ్మరు. మార్చిలో ఒక పూట ఎండ కాస్తే మా పక్కింటాయన చొక్కా చేతులు మడిచి బయటికొస్తాడు గానీ, కోటు మాత్రం తలుపు వెనకే తగిలించి ఉంచుతాడు. వాతావరణ శాఖవారి లెక్కలో మార్చి 1 నుంచే వసంతం. ఖగోళ లెక్క చూసేవారికి మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు నుంచి. తోటపని చేసేవాళ్లు ఈ రెండు తేదీల్నీ పట్టించుకోరు. మే నెల సగం గడిచి, రాత్రుళ్లు మంచు గడ్డకట్టే భయం పోయాకే వాళ్ల మనసు కుదుటపడుతుంది. మనకి పంచాంగం ఉగాది అన్న రోజు పొద్దుటికల్లా వసంతం వచ్చేసినట్టే. ఇక్కడ ఆ రోజు పచ్చడి తినేసి, చేతులకి గ్లౌజులు తొడుక్కుని ఆఫీసుకి బయల్దేరతాం.

వసంతం వచ్చాక బయటికెళ్దాంలే అని కూర్చున్నవాళ్లకి ఈ దేశంలో అది దొరకదు. రాకముందే బయటికెళ్లి పనిలో దిగినవాళ్లకే దొరుకుతుంది. రెడింగులో ఇన్నేళ్ల కాపురంలో నేను తెలుసుకున్నది ఇదే.

రెడింగంటే ఇప్పుడు మనవాళ్లకి ఐటీ ఉద్యోగాలూ, లండన్ రైలూ, ఇంటద్దెలూ గుర్తొస్తాయి. ఒకప్పుడు ఈ ఊరి పేరు మోగింది మూడింటి వల్ల: బీరు, బిస్కెట్లు, పూలగడ్డలు. మూడోది సటన్స్ విత్తనాల కంపెనీ పుణ్యం. 1806లో ఇక్కడ పుట్టిన ఆ కంపెనీ, 1970ల్లో డెవన్ వైపు తరలిపోయేదాకా దేశమంతటికీ విత్తనాలు పంపింది. ఇప్పుడు ఊళ్లో దాని ఆనవాళ్లు పెద్దగా కనబడవు. అలవాటు మాత్రం పోలేదు. జనవరిలో, సాయంత్రం నాలుగింటికే చీకటిపడే రోజుల్లో, ఇక్కడి తోటమాలులు విత్తనాల కేటలాగు ముందేసుకుని కూర్చుంటారు. ఫిబ్రవరిలో బంగాళాదుంపల్ని గుడ్ల అట్టల్లో నిలబెట్టి, మొలక రావడానికి కిటికీ గట్టు మీద పెడతారు. బయట చూస్తే చెట్టుకి ఒక్క ఆకు ఉండదు.

అమ్మ ఫోన్లో అడుగుతూ ఉంటుంది: "ఏరా, ఇంకా చలేనా మీకు?" చలేనమ్మా, కానీ వెలుతురు పెరుగుతోంది అంటాను. అది ఆవిడకి ఓదార్పు మాటలా వినిపిస్తుంది. విజయవాడలో ఏడాదిలో అతి చిన్న పగటికీ, అతి పెద్ద పగటికీ తేడా సుమారు 2 గంటలు. ఇక్కడ డిసెంబరులో పగలు 8 గంటలు కూడా ఉండదు, జూన్లో 16 గంటలు దాటుతుంది. మార్చి నెలలో రోజుకి దాదాపు 4 నిమిషాల చొప్పున పగలు పెరుగుతుంది. వారం తిరిగేసరికి అరగంట వెలుతురు మన ఖాతాలో పడ్డట్టే. నేల వెచ్చదనం 6 డిగ్రీల దాకా వస్తే చాలు, గడ్డి పెరగడం మొదలెడుతుంది. అప్పుడు ఆదివారం పొద్దున్న వీధంతా లాన్ మోవర్ల మోత.

మార్చి ఆఖరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు. దీని వెనక విలియం విల్లెట్ అనే ఇళ్లు కట్టే వ్యాపారి ఉన్నాడు. పొద్దున్నే గుర్రపు స్వారీకి వెళ్తూ, సూర్యుడు నెత్తికెక్కుతున్నా జనం తలుపులేసుకుని పడుకునే ఉన్నారని చిరాకుపడి, 1907లో పగటి వెలుతురు వృథా మీద ఒక కరపత్రం అచ్చేశాడు. పార్లమెంటు ఒప్పుకోలేదు. ఆయన 1915లో పోయాడు. ఆ మరుసటేడు యుద్ధకాలపు బొగ్గు పొదుపు కోసం అదే పద్ధతి చట్టమైంది. పెట్స్ వుడ్ దగ్గర ఆయన జ్ఞాపకార్థం పెట్టిన నీడ గడియారం ఎప్పుడూ వేసవి సమయాన్నే చూపిస్తుంది. ఆఫీసు నుంచి వచ్చాక ఇంకా రెండు గంటలు మట్టిలో పని చేసుకోగలిగిన ఏప్రిల్ సాయంత్రాల్లో ఆయన్ని తలుచుకుంటాను.

ఆ మట్టి ఎక్కడిదంటే, అలాట్‌మెంట్‌ది. ఊరి కౌన్సిల్ ఏడాది కౌలుకిచ్చే కూరగాయల మడి. 1908 నాటి చట్టం ప్రకారం, ఊళ్లో కనీసం ఆరుగురు ఓటర్లు రాతపూర్వకంగా అడిగితే కౌన్సిల్ ఆ కోరికని పరిశీలించి తీరాలి. గిరాకీ ఉందని తేలితే భూమి చూపించాలి. చట్టం అలా ఉన్నా క్యూ మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. కొలత ఇప్పటికీ పాతకాలపు రాడ్లలోనే. పూర్తి ప్లాటు అంటే 10 రాడ్లు. హైదరాబాదు లెక్కలో 302 గజాలు, మా గుంటూరు లెక్కలో ఆరుంపావు సెంట్లు. అంత స్థలం చూడగానే మనవాళ్లకి ముందు ఇల్లే మెదులుతుంది. ఇక్కడ చిన్న షెడ్డు వేసుకోవాలన్నా కమిటీ అనుమతి ఉండాలి. కలుపు పెరిగితే నోటీసు వస్తుంది.

మా నాన్న నలభయ్యేళ్లు నల్లరేగడిలో పత్తీ మిరపా వేసిన మనిషి. వీడియో కాల్లో నా మడి చూపిస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ రాళ్లేంట్రా?" అన్నాడు. చెకుముకి రాళ్లు నాన్నా, థేమ్స్ లోయంతా ఇంతే, ఎంత ఏరినా వస్తూనే ఉంటాయన్నాను. "ఆరు సెంట్లకి నువ్వు రైతువి, రాళ్లకి నువ్వు కూలివి" అని తేల్చేశాడు. కానీ మర్నాడు ఆయనే ఫోన్ చేసి, గుర్రపు లద్దె బాగా మాగాకే వెయ్యాలనీ, పచ్చిది వేస్తే వేళ్లు మాడతాయనీ చెప్పాడు. నా ఉద్యోగమేంటో ఆయనకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఈ మడి మొదలయ్యాక మాకు మాట్లాడుకోవడానికి సంగతులు దొరికాయి.

ఇక్కడి తోటమాలులు ఏప్రిల్, మే నెలల్ని ఆకలి నెలలుగా లెక్కేస్తారు. చెట్లన్నీ పూలతో ఊగిపోతుంటాయి, మడిలో మాత్రం తినడానికి ఏమీ ఉండదు. శీతాకాలపు కాబేజీలూ లీకులూ అయిపోతాయి, కొత్త పంట ఇంకా చేతికి రాదు. దుకాణాలూ ఓడలూ లేని కాలంలో ఇది నిజంగా పస్తుల రుతువే. ఆ ఖాళీలో దిక్కయ్యేవి కొన్నే: ఊదారంగు మొగ్గల బ్రొకోలీ, రూబార్బ్ కాడలు, ఏప్రిల్ ఆఖరున మొదలయ్యే ఆస్పరాగస్, వీటితోపాటు సారెల్. ఈ సారెల్ నాలుక మీద పడగానే తెలిసిపోయింది, ఇది మన చుక్కకూర చుట్టం. రెండూ రూమెక్స్ ప్రజాతివే. మన చుక్కకూర ఏటా విత్తుకునేది. ఇది ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండి, చలి కాస్త తగ్గగానే అందరికంటే ముందు ఆకు వేస్తుంది. కందిపప్పులో వేసి, వెల్లుల్లీ ఎండుమిర్చీ తాలింపు పెడితే దీని ఊరు ఎవరూ అడగరు. రూబార్బ్ కాడలతో మా ఇంట్లో పప్పూ పచ్చడీ రెండూ చేస్తాం, మామిడికాయ పులుపుకి దగ్గరగా వస్తుంది. ఆకులు మాత్రం విషం, తుంచి ఎరువుగుంటలో పారెయ్యాలి. పక్క మడిలో ఉండే పెద్దాయన రూబార్బ్ అంటే పంచదారా కస్టర్డూ తప్ప ఎరగడు. ఒకసారి పచ్చడి రుచి చూపిస్తే చెమటలు కక్కుతూ, మర్యాదకి ఇంకో చెంచా పెట్టించుకున్నాడు.

తెలుగువాళ్ల మడి అన్నాక గోంగూర లేకపోతే ఎలా? విత్తనాలు ఏప్రిల్లో ఇంట్లో కిటికీ దగ్గరే మొలిపించాలి. దానికి వెచ్చదనం కావాలి, అందుకే గ్రీన్‌హౌస్ లేనిదే ఇక్కడ మొండికేస్తుంది. ఒక సదుపాయం ఉంది: పగలు కురచ కానిదే గోంగూర పూతకి రాదు. ఇక్కడి వేసవి పగళ్లు సాగుతూనే ఉంటాయి గనక మొక్క తన శక్తంతా ఆకు మీదే పెడుతుంది. కొత్తిమీర, మెంతికూర ఈ చల్లదనానికి హాయిగా వస్తాయి.

అసలు పరీక్ష నారు బయటపెట్టే వేళ. ఈస్టర్ సెలవుల్లో ఎండ చూసి టమాటా నారు కొన్నవాళ్లు మే నెలలో మళ్లీ కొంటారని దుకాణాల వాళ్లకి బాగా తెలుసు. ఏప్రిల్ ఎండ ఎంత ముద్దుగా ఉన్నా, ఆకాశంలో మబ్బు లేని రాత్రి నేల వేడంతా పైకి పోయి తెల్లారేసరికి లేత ఆకులు నల్లబడిపోతాయి. అందుకే వారం పది రోజులపాటు పగలు బయట పెట్టడం, చీకటి పడేముందు లోపల పెట్టడం. చంటిబిడ్డకి ఎండపొడ చూపించినట్టే ఉంటుంది వ్యవహారం. పొద్దున్నా సాయంత్రం వీధిలో అందరూ ట్రేలు మోసుకుంటూ ఎదురవుతారు. ఏడాదంతా తల పంకించి ఊరుకునే పక్కవాళ్లు, "ఈ రాత్రి ఎంతకి పడుతుందంటారు?" అని ఆగి అడుగుతారు. మాట కలపడానికి ఇంతకంటే మంచి సాకు నాకు ఈ దేశంలో దొరకలేదు.

నారు నిలదొక్కుకుందనుకునేలోగా స్లగ్గులు దిగుతాయి. పెంకు లేని నత్తలు. వాన పడిన రాత్రి తెల్లారేసరికి బీన్స్ నారుకి కాడలే మిగులుతాయి. వీటిని చంపే మెటల్డిహైడ్ గుళికల్ని ముళ్లపందులకీ పక్షులకీ హాని అని 2022లో నిషేధించారు. అప్పట్నుంచి టార్చిలైటూ బకెట్టూ పట్టుకుని రాత్రి పదింటికి మడి చుట్టూ తిరగడమే. అలా తిరిగేవాళ్లలో రిటైరైన మాస్టారూ ఉంటారు, డాక్టరూ ఉంటారు, వంగిన నడుముల్లో తేడా తెలియదు.

మడి లేనివాళ్లకి వసంతం లేదని కాదు. ఇంగ్లండ్, వేల్స్ కలిపి సుమారు 225,000 కిలోమీటర్ల కాలిబాటలున్నాయి. ఎవరి పొలం మధ్య నుంచైనా ఆ బాట పోతుంటే నడిచే హక్కు మనది. మనూళ్లో పొలం గట్టు మీద నడవడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు, అందుకని మొదట్లో ఇదో హక్కా అనిపిస్తుంది. కొండల మీది బీళ్ల కథ వేరు. వేట కోసం జమీందార్లు మూసేసిన కిండర్ స్కౌట్ కొండ మీదికి 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, ఎక్కువగా మాంచెస్టర్ వైపు కార్మిక యువకులు, కావాలనే ఎక్కారు. అయిదుగురిని జైల్లో పెట్టారు. అలాంటి బీళ్ల మీద అందరికీ నడిచే హక్కునిచ్చే చట్టం 2000లో వచ్చింది. ఏప్రిల్లో బూట్లు వేసుకుని బయల్దేరే ప్రతిసారీ ఇది మా పిల్లలకి చెబుతాను. వాళ్లకి విసుగే, అయినా చెబుతాను.

ఆ నడకల్లో చూసి తీరాల్సింది బ్లూబెల్ అడవి. ఏప్రిల్ నడుమ నుంచి మే మొదలు దాకా బీచ్ చెట్ల కింద నేలంతా నీలం. ప్రపంచంలోని బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉన్నాయంటారు. వాటి తొందరకి కారణం ఉంది: పైన చెట్లు ఆకులు వేసి వెలుతురు మూసేలోగా అవి పూసి, గడ్డలో తిండి దాచుకోవాలి. అందుకే ఫొటో కోసం బాట దిగి ఆకుల్ని తొక్కితే ఆ మొక్కలు ఏళ్ల తరబడి కోలుకోవు. భూమి యజమాని అనుమతి లేకుండా గడ్డలు తవ్వడం 1981 చట్టం కింద నేరం. హెన్లీ దగ్గర గ్రేస్ కోర్ట్‌కి వెళ్తే బ్లూబెల్సూ, మే నెలలో ఊదా గుత్తులు వేలాడే విస్టీరియా పందిరీ రెండూ చూడొచ్చు.

నాకు అంతకంటే ఇష్టమైనది మామూలు ఇళ్ల పెరళ్లు చూడటం. నేషనల్ గార్డెన్ స్కీమ్ 1927లో మొదలైంది. ఊరూరా తిరిగి సేవ చేసే నర్సుల కోసం, మనిషికి ఒక షిల్లింగు చొప్పున ఆ ఏడు 609 తోటలు తలుపులు తెరిచాయి. ఇప్పుడు మూడు వేలకు పైగా తోటలు తెరుస్తారు. కొన్ని పౌన్లిస్తే ఎవరి పెరట్లోకైనా దర్జాగా నడిచివెళ్లి, కేకు ముక్కా టీ కప్పూ పట్టుకుని, ఈ గులాబీకి ఏం వేశారని అడగొచ్చు. పిలవందే ఎవరింటికీ వెళ్లని దేశంలో ఇది చిన్న వింత కాదు. మా ఆవిడ ఇలాంటి ఒక తోటలో కరివేపాకు కుండీ సంగతి చెబితే, ఆ ఇంటావిడ పెన్ను తెచ్చుకుని రాసుకుంది.

కొత్తగా వచ్చిన మనవాళ్లు, ముఖ్యంగా జనవరి చీకట్లో దిగిన పిల్లలు, ఈ చలెప్పుడు పోతుందని అడుగుతుంటారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: వచ్చే అక్టోబరులో గడ్డలు పాతుతారా? డాఫొడిల్, ట్యులిప్ గడ్డలకి కొన్ని వారాలు చలి తగలకపోతే సరిగ్గా పూయవు. మనం తిట్టుకునే డిసెంబరే వాటికి ఆధారం. కాబట్టి ఈ దేశపు వసంతం కావాలంటే ముందటి శరత్తులోనే మొదలుపెట్టాలి. అలాట్‌మెంట్ క్యూలో పేరు ఇవాళే రాయించండి, పిలుపు వచ్చేసరికి మీరే మర్చిపోయి ఉంటారు. ఈలోగా డాఫొడిల్ గడ్డలు ఒక సంచీడు తెచ్చి, గడ్డ ఎత్తుకి రెండు మూడింతల లోతున పాతెయ్యండి. అద్దె ఇల్లయితే కుండీలో వెయ్యండి. వీసా మారినా, ఉద్యోగం మారినా, ఇంకో ఊరు వెళ్లాల్సి వచ్చినా కుండీ కారులో పట్టేస్తుంది.