మెడ దాకా వైద్యం

"చీటీ ఒకటి రాసివ్వండి బాబూ, మిగతాది మేం చూసుకుంటాం."

ఈ మధ్య నా క్లినిక్‌లో తరచూ వినిపిస్తున్న మాట ఇది. మా ఖరగ్‌పూర్ తాల్‌బగీచా బజారులో కూరలు కొనుక్కుని, సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని, కౌంటరులో టికెట్టు అడిగినట్టు అడుగుతారు. దేనికి చీటీ? సన్నబడే ఇంజెక్షన్‌కి. రైల్వే ఊరు కదా, పాసు రాసినట్టు డాక్టరు కూడా గీకి ఇచ్చేస్తాడని నమ్మకం. ముందు బరువు చూద్దాం, వాడుతున్న మందులేమిటో చెప్పండి అన్నానంటే మొహం ముడుచుకుపోతుంది. "ఇంత తతంగం ఎందుకండీ, ఫోన్లో అయితే పది నిమిషాల్లో అయిపోద్ది" అని లేస్తారు. నిజమే, అయిపోతుంది. మూడు వారాలు తిరక్కుండా వాంతులతో వచ్చేది మాత్రం నా దగ్గరికే. ఫోన్లో డాక్టరుకి బకెట్టు పట్టే పని ఉండదు.

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం నాలుగింటికి టోటో (బ్యాటరీ రిక్షా)లో ఒకావిడను తెచ్చారు. భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆవిడ మామగారు బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఆవిడకు యాభై ఎనిమిదేళ్లు, సుగరు మొదలై పన్నెండేళ్లు. ఒళ్లంతా చెమట, చలికాలంలో జాకెట్టు తడిసి ముద్దయింది. మాట తడబడుతోంది. నన్ను చూసి తమ్ముడి పేరు పెట్టి పిలిచింది. వేలు గుచ్చి చూస్తే సుగరు 46.

గ్లూకోజు నీళ్లు తాగించాం. పావుగంటకి తమ్ముడు పోయి డాక్టరు బాబు అయ్యాను. రాత్రికి ఆసుపత్రిలో ఉంచాం.

"వారం రోజులుగా సాయంత్రం ముడీ-చాప్ ముట్టడం లేదండి. అప్పుడే అనుమానం వచ్చింది నాకు" అన్నాడు ఫిట్టరు గారు. ముడీ అంటే మరమరాలు, చాప్ అంటే ఇక్కడి బజ్జీ. అనుమానం వచ్చినా వారం ఎందుకు ఆగావయ్యా అని అడగబోయి ఊరుకున్నాను.

జరిగింది ఇది. హైదరాబాదులో ఉన్న కూతురు తల్లి మీద ప్రేమతో ఒక యాప్‌లో ఫారం నింపింది. సుగరు మాత్రలు వాడుతున్నారా అన్న ప్రశ్నకు "లేదు" అని నొక్కింది. అవునంటే ఇంజెక్షన్ ఇవ్వరేమోనని భయం! అసలు ఈ జాతి మందులు పుట్టిందే సుగరు రోగుల కోసం. వీడియోలో వచ్చిన డాక్టరు నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఫారంలో ఉన్నదే నమ్మాడు. సెమాగ్లుటైడ్ వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమన్నాడు. మోతాదు తప్పు కాదు. మందు కూడా తప్పు కాదు. ఆవిడ ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. బాడీ మాస్ ఇండెక్స్ మనవాళ్లకు 25 దాటితేనే స్థూలకాయం అంటాం, ఆవిడది 36. నా ఎదురుగా కూర్చుని అడిగి ఉంటే నేనూ అదే రాసేవాణ్ణి. తేడా ఒక్కటే. ఆవిడ సుగరుకు వాడుతున్న గ్లిమెపిరైడ్ మాత్ర ఆపించేవాణ్ణి.

ఈ ఇంజెక్షన్ పెద్దమనిషి లాంటిది. రక్తంలో చక్కెర ఎక్కువ ఉన్నప్పుడే ఇన్సులిన్‌ను కదిలిస్తుంది, లేనప్పుడు గమ్మున ఉంటుంది. కడుపు మెల్లగా ఖాళీ అయ్యేలా చేసి, చాలు అని మెదడుకు చెబుతుంది. గ్లిమెపిరైడ్ అలా కాదు, మొండిఘటం. అన్నం తిన్నావా లేదా అని చూడదు, ఇన్సులిన్‌ను బయటికి తోస్తూనే ఉంటుంది. ఒకటి ఆకలి చంపింది. రెండోది ఉన్న చక్కెరను లాగేసింది.

మర్నాడు ఆవిడ చేతిసంచీలోంచి పాత బిస్కెట్ డబ్బా తీసింది. అందులో అట్టలన్నీ ఉన్నాయి, పైన రబ్బరు బ్యాండు. వీడియోలో మాట్లాడినప్పుడు ఇది ఎక్కడుందమ్మా అని అడిగాను. "నా ఒళ్లోనే ఉంది బాబూ. ఆ డాట్రు బాబు మంచోడే, నవ్వుతా మాటాడినాడు. డబ్బా సంగతి అడగనేదు." కెమెరా మెడ దాకా చూపించింది. డబ్బా దానికి జానెడు కింద ఉంది.

ఇలా అంటున్నానని నన్ను ఫోను వైద్యానికి శత్రువనుకోకండి. అమెరికాలో రోగి ఏ రాష్ట్రంలో కూర్చుంటే మామూలుగా ఆ రాష్ట్రం లైసెన్సు డాక్టరుకు ఉండాలి. టెక్సస్‌లో ఉన్న మా మేనల్లుడు ఆ బాధ చెబుతూ ఉంటాడు. మనకు ఆ గోడ లేదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం విజయవాడలో రిజిస్టరైన డాక్టరు ఖరగ్‌పూర్‌లో ఉన్న రోగిని చూడవచ్చు. నలభై ఏళ్లు ఇక్కడుండీ చేపల బేరానికి మించి బెంగాలీ రాని మా అమ్మల కాలం వాళ్లకు, తెలుగులో "కడుపులో దేవుతోంది" అని చెప్పుకునే వీలు ఎంత వరమో నాకు తెలుసు. అయితే ఆ కాగితంలోనే ఇంకొన్ని మాటలున్నాయి. ఎదురుగా చూసినప్పుడు ఎంత బాధ్యతో తెర మీద చూసినా అంతే బాధ్యత. చాలదనిపిస్తే నేరుగా వెళ్లమని చెప్పాలి. మందు రాసేది మనిషే కావాలి, యంత్రం కాకూడదు. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రూలుకేం, రూలు బంగారం.

ఆ నంబరు నాకూ ఉంది. విశాఖలో మా పెదనాన్న కొడుకు వీడియో కాల్ చేశాడు. పండగ కబుర్ల మధ్యలో "ఒరే, నాకూ ఆ ఇంజెక్షన్ రాయరా" అన్నాడు. "అప్పుడప్పుడు గ్యాసు పట్టేస్తుందిరా, అంతే" అని కూడా అన్నాడు. ఎక్కడ పడుతుందన్నయ్యా అని నేను అడగలేదు, రాసిచ్చేశాను. అడిగి ఉంటే చెయ్యి కుడివైపు పక్కటెముకల కింద పెట్టేవాడు. అది గ్యాసు కాదు, పిత్తాశయంలో రాళ్లు. బరువు త్వరగా తగ్గితే రాళ్ల బెడద పెరుగుతుందని ఎంబీబీఎస్ కుర్రాడిక్కూడా తెలుసు. నాలుగు నెలల్లో ఆపరేషన్ అయింది. వదిన ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంకొక అమ్మాయి, ఇరవై ఆరేళ్లు. పెళ్లిచీరలో లావుగా కనిపిస్తానని ఫోన్లో చీటీ సంపాదించి అయిదు నెలలు పొడుచుకుంది. పదకొండు కిలోలు తగ్గింది. పెళ్లయ్యాక కూడా కొనసాగించింది. వికారంగా ఉందని వచ్చి, "ఇంజెక్షన్ వల్లేనండీ, తెలుసు" అంది. కాదమ్మా, ఈసారి దాని వల్ల కాదు అని చెప్పాల్సి వచ్చింది. గర్భం అనుకునేదానికి కనీసం రెండు నెలల ముందే సెమాగ్లుటైడ్ ఆపాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. సంతోషించాల్సిన వార్తకు భోరుమని ఏడ్చింది. ఇప్పుడు ఏడో నెల. స్కానులన్నీ బాగున్నాయి. అయినా ప్రతి రిపోర్టూ రెండుసార్లు చదువుతున్నాను.

ఇక నెలకే మానేసేవాళ్లు. 2025 మార్చిలో ఇలాంటిదే మరో ఇంజెక్షన్ టిర్జెపటైడ్ మన దేశంలో అడుగుపెట్టినప్పుడు 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, వారానికొకటి. పెన్షన్ డబ్బుల్లో అది ఎన్నాళ్లు నడుస్తుంది? రెండు కిలోలు తగ్గగానే ఆపేసి, మిగిలింది మరదలికి ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు, అక్కడికేదో గోరింటాకు మిగిలినట్టు. సెమాగ్లుటైడ్ ఆపినవాళ్లను ఏడాదిపాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరగదూ? ఇదీ అంతే. స్థూలకాయం సోమరితనం కాదు, జబ్బు. ఆ మాట చెబితే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లే, ఏళ్ల తరబడి వాడాలంటే చీటీ మడిచి జేబులో పెట్టుకుంటారు. 2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు కూడా తీరింది. ధర దిగితే నాకు సంతోషమే. ఫారాల్లో "లేదు" అని నొక్కే వేళ్లు పెరుగుతాయనే బెంగ.

ఫిట్టరు గారి భార్య ఆ ఇంజెక్షన్ మళ్లీ మొదలుపెట్టింది, గ్లిమెపిరైడ్ లేకుండా. నాలుగు కిలోలు తగ్గింది. ముడీ తింటోంది, చాప్ మానేసింది. ఫిట్టరు గారు రెండూ తింటున్నాడు.

ఫోన్లో డాక్టరుతో మాట్లాడొద్దని నేననను. మాట్లాడేటప్పుడు మీ మందుల డబ్బా ఒళ్లో పెట్టుకోకండి. కెమెరా ముందు పెట్టి, అట్టలు ఒక్కొక్కటిగా చూపించండి. నొప్పి ఎక్కడో చేత్తో చూపించండి, పెళ్లి కుదిరిందో కుదరలేదో కూడా చెప్పండి. అవతలి డాక్టరుకు వినే తీరిక లేకపోతే ఫోను కట్టేసి ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.