అవ్వ కంట్లో ఫోకస్

పొద్దున ఆరున్నరకి అలిపిరి దగ్గర ఒకడు మూడు కాళ్ల స్టాండు పెట్టుకుని, నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని వంగి ఉంటే జనం ఏమనుకుంటారు? "రోడ్డు సర్వే అయ్యుంటాది" అన్నాడొకాయన. "మళ్లీ పెద్దది చేస్తారేమో" అని పక్కాయన వంత పాడాడు. గుడ్డ లోపలున్నది నేనే. నా ముందున్నది సర్వే యంత్రం కాదు, ఫొటోలు తీసే కెమెరా.

దీన్ని లార్జ్ ఫార్మాట్ కెమెరా అంటారు. ముందు లెన్సు, మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి బెలోస్, వెనక ఒక గరుకు అద్దం. అంతే. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు, ఆటోఫోకస్ అసలే లేదు. ఇందులో వేసే ఫిల్ము రీలు కాదు, ఒక్కొక్క షీటు. 4 అంగుళాలు, 5 అంగుళాలు ఉంటుంది. మన నాన్నల కాలం రీలు కెమెరా ఫ్రేముతో పోలిస్తే దాదాపు 15 రెట్లు పెద్దది. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో ఇలాంటి పెద్ద కెమెరాలతోనే, గాజు పలకల మీద ఫొటోలు తీసేవాళ్లు. ఫోన్‌లో రోజుకి వంద ఫొటోలు తీసే నాకు, ఒక్క ఫొటో కోసం పావుగంట నిలబడితే ఎట్లుంటుందో చూడాలనిపించింది. దాచుకున్న డబ్బులన్నీ పోసి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను.

బొమ్మ ఆ గరుకు అద్దం మీద తలకిందులుగా పడుతుంది. కుడి ఎడమలు కూడా మారిపోతాయి. నాబ్ తిప్పుతూ ఫోకస్ చేయాలి. కుదిరాక లెన్సు మూసి, ఫిల్ము హోల్డర్ లోపలికి తోయాలి. ఇక ఆ తర్వాత మనకేమీ కనపడదు. అంతకుముందు మన కన్ను ఏం చూసిందో అదే దిక్కు. ఆ కంటికి సాయంగా అద్దం మీద పెట్టి చూసే చిన్న భూతద్దమే లూప్.

ఈ చిన్న వస్తువు విషయంలోనే నేను పోయినేడాది మా అవ్వ దగ్గర ఓడిపోయాను.

మా అవ్వ ఏటా అలిపిరి నుంచి నడిచే కొండెక్కేది. ఊరికే ఎక్కడం కాదు. ఉన్న 3,550 మెట్లలో ప్రతి మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఎక్కేది. పోయినేడాది మొదటి మెట్టు దగ్గర, చేతిలో పసుపు గిన్నెతో ఆమెని నిలబెట్టి ఒక ఫొటో తీశాను. ఒక్కటే షీటు. ఆ షీటు ధరకి ఇద్దరు కడుపునిండా భోంచేయొచ్చు కాబట్టి రెండోది తీయడానికి మనసొప్పలేదు.

బాత్రూమ్‌లో చీకటి చేసుకుని ఫిల్ము కడిగాను. పెద్ద ప్రింటు వేయించాను. అవ్వ వెనకున్న మండపం స్తంభం మీద చెక్కుడు సూది మొనలా వచ్చింది. అవ్వ కళ్లు మాత్రం పాలు కలిపినట్టు మసక. చెయ్యి వణికుంటే ఫొటో అంతా అలుక్కుపోయేది. స్తంభం అంత బాగా వచ్చిందంటే తప్పు ఫోకస్‌దే.

అవ్వ ప్రింటుని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. "శుక్లాలు తీయించుకున్నానే నాయనా. ఇంకా మసగ్గానే ఉండాదే! కన్ను నాదా, ఫొటో నీదా?" అంది. నవ్వుతూనే అంది. తర్వాత రెండు నెలలకి మోకాళ్లు చూసిన డాక్టరు, ఇక మెట్లెక్కొద్దని చెప్పేశాడు. అప్పుడు తెలిసింది, నేను పాడుచేసింది ఒక షీటు కాదని.

తప్పెక్కడ జరిగిందో వెతకడం మొదలుపెట్టాను. నేను వాడింది బంగారం పనివాళ్లు వాడే 10 రెట్ల భూతద్దం. ఎంత పెద్దగా చూపిస్తే అంత మంచిదనుకున్నా. నిజానికి అంత పవర్‌లో బొమ్మ కన్నా గరుకు అద్దం గింజలే పెద్దగా కనపడతాయి. గోడకి ముక్కు ఆనించి గోడ మీది బొమ్మ చూసినట్టు. చూపు గింజల్లో తిరుగుతుంది, అవ్వ కన్ను ఏదో, గింజ ఏదో తెలియదు.

తర్వాత గాంధీ రోడ్డు సందులో గడియారాలు బాగుచేసే పెద్దాయన్ని అడిగాను. ఆయన తన కంట్లో పెట్టుకునే అద్దం తీసిచ్చి, "ఇది వాచీకి సరే నాయనా, నీ డబ్బాకి పెడితే ముక్కు గుద్దుకుంటాది" అన్నాడు. ఆయన మాట నిజమే. పైగా ఊపిరి తగిలి గాజు మీద ఆవిరి పట్టింది. లూప్‌కి కాస్త ఎత్తు ఉండాలని అక్కడ నేర్చుకున్నా.

ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసే మామ మడతపెట్టే చిన్న లెన్సు ఇచ్చాడు. ఆఫ్‌సెట్‌లో చుక్కలు చూడ్డానికి, బట్టలో నూలు పోగులు లెక్కపెట్టడానికి వాడేది. అద్దం మీద చక్కగా కూర్చుంది. కానీ దాని కాళ్ల ఎత్తు మారదు. అది చూసేది తను ఆనుకున్న తలాన్ని, అంటే అద్దం పైతలాన్ని. బొమ్మ పడేది లోపలి వైపున్న గరుకు తలం మీద. మధ్యలో ఉన్న గాజు మందమే తేడా. కాగితం మీద పెడితే ఏమీ కాదు, కెమెరా మీద పెడితే ఆ కాస్తే కొంప ముంచుతుంది.

చివరికి దారి మా బీరువాలోనే దొరికింది. నాన్న రీలు కెమెరా ఎప్పుడో చెడిపోయింది, దాని 50 ఎం.ఎం. లెన్సు మాత్రం బాగుంది. ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి: 250ని లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే అది భూతద్దంగా ఎన్ని రెట్లు చూపిస్తుందో దాదాపుగా తెలుస్తుంది. 250ని 50తో భాగిస్తే 5. ఈ పనికి 4 నుంచి 6 రెట్లు చాలు. లెన్సు అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫిల్ము వైపు ఉండే కొసని గరుకు అద్దం వైపు పెట్టి, ముందు గాజు దగ్గర కన్ను పెట్టాలి. నల్ల చార్టుతో గొట్టం చుట్టి దానికి అతికించాను.

గొట్టం నల్లగానే ఎందుకంటే, స్లైడ్లు చూసే లూప్‌లకి కింద పారదర్శకంగా ఉంటుంది, వెలుతురు లోపలికి రావడానికి. మనకి అక్కర్లేనిదే అది. గరుకు అద్దం మీద బొమ్మ అసలే మసక వెలుతురు, పక్కల నుంచి ఎండ పడితే ఇంకేం కనపడదు. ఇంకొకటి, కంటికి తగ్గట్టు సరిచేసుకునే వీలుండాలి. కెమెరా లెన్సు ఏమీ చూడకముందే, లూప్‌ని అద్దం మీద పెట్టి గరుకు గింజలు స్పష్టంగా కనపడేదాకా సరిచేసుకోవాలి. నాన్న లెన్సుకి ఫోకస్ రింగు ఉంది కాబట్టి ఆ పని అదే చేసింది. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడుతోనే చేసుకోవాలి. అంచుల దగ్గర వెలుతురు ఏటవాలుగా వస్తుంది కాబట్టి అక్కడ లూప్‌ని కొంచెం వంచి చూడాలి. ఈ పని కోసమే చేసిన మంచి లూప్‌లు దొరుకుతాయి. డబ్బులుంటే కొనండి, కానీ ఈ నాలుగూ చూసుకుని కొనండి.

ఈ ఏడాది అవ్వని ఆటోలో అలిపిరికి తీసుకెళ్లాను. అక్కడున్న సెక్యూరిటీ ఆయన్ని అడిగి, దారికి అడ్డం లేకుండా ఒక పక్కన స్టాండు పెట్టుకున్నా. అవ్వ మొదటి మెట్టుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మిగతా 3,549 మెట్ల వైపు కాసేపు చూసింది. నేనేమీ మాట్లాడలేదు.

"ఏమిరా, ఆ గుడ్డలో దూరి ఏం చూస్తా ఉండావు? నాకూ చూపీ" అంది. లేపి తీసుకొచ్చి, కెమెరాని కొండ వైపు తిప్పి, గుడ్డ కప్పాను. చాలాసేపు బయటికి రాలేదు. లోపల నుంచి మాట వినపడింది.

"కొండ కిందికి దిగొచ్చేసిందిరా! ఇంక నేను ఎక్కే పనేముంది?"

మళ్లీ కూర్చోబెట్టాను. పూలదారం ఒక కొస కెమెరాకి కట్టి, రెండో కొస ఆమె ముక్కుకి తాకేటట్టు పట్టుకోమన్నా. ఫోకస్ చేశాక ముందుకు వంగితే మళ్లీ కథ మొదటికే వస్తుందని. లెన్సు పూర్తిగా తెరిచి, లూప్‌లో ఆమె దగ్గరి కన్ను పట్టుకున్నా. నాబ్ కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. రెప్ప వెంట్రుకలు తలకిందులుగా, ఒక్కొక్కటిగా తేలాయి. అపర్చర్ తగ్గించి, హోల్డర్ పెట్టి, దారం వదలమని చెప్పి నొక్కాను. ఈసారి రెండు షీట్లు తీశాను. భోజనం సంగతి తర్వాత.

రెండూ బాగొచ్చాయి. ప్రింటులో అవ్వ కనుపాపలో చూస్తే, స్టాండు పక్కన నిలబడ్డ నేను కూడా ఉన్నాను.

పాత మసక ఫొటో చింపేస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. "అది ఎక్కిన యాడాది, ఇది ఎక్కని యాడాది. రెండూ ఉండనీ" అంది. ఇప్పుడు రెండూ పక్కపక్కనే గోడకి ఉన్నాయి.

లూప్ మాత్రం నా దగ్గర లేదు. పంచాంగంలో సన్నక్షరాలు బాగా కనపడుతున్నాయని అవ్వ తన దిండు కింద పెట్టుకుంది. ఎప్పుడైనా ఫొటో తీయాలంటే నేనే వెళ్లి అడిగి తెచ్చుకోవాలి.