తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉంది?

'గ్రూప్ కీ మేనేజ్‌మెంట్' అనే టాపిక్‌ని మనలో చాలామందిమి పరీక్ష ముందురోజు రాత్రి చదివి, మర్నాడు మధ్యాహ్నానికి మర్చిపోయేవాళ్ళమే. నాకు మాత్రం అది మా అమ్మ పొదుపు గ్రూపు వల్ల గుర్తుండిపోయింది.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా వైపు పొదుపు గ్రూపంటే చిన్న విషయం కాదు. మాకు తూర్పున కలిగిరి మండలం దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బులోంచే రోజుకో రూపాయి దాచుకుందామని జిల్లాలో పొదుపు మొదలైంది. అమ్మవాళ్ళ గ్రూపూ ఆ కోవలోదే. ఇప్పుడు వాళ్ళకొక వాట్సాప్ గ్రూపు. ఎవరు ఎంత కట్టారు, ఎవరి కంతు ఆగింది, అన్నీ అందులోనే.

పోయినేడు ఒకామె రెండు కంతులు కట్టలేకపోయింది. వారం తిరక్కుండా ఆ సంగతి ఆత్మకూరులో ఆమె వియ్యాలవారి చెవిన పడింది. కూతురికి అత్తగారింట్లో దెప్పిపొడుపులు తప్పలేదు. ఈమె మీటింగులకి రావడమే మానేసింది. తీరా చూస్తే, ఆత్మకూరుకి కాపురం మారి, పొదుపు మానేసి రెండేళ్ళయిన ఒక సభ్యురాలి నంబరు ఇంకా గ్రూపులోనే ఉంది. ఆమె చాడీలు చెప్పే మనిషి కాదు. ఆ ఇంట్లో ఫోను అందరి చేతుల్లోనూ తిరుగుతుంది, అంతే.

"ఎన్‌క్రిప్షన్ అని పైన రాసుంటుంది గదరా, మరి ఇదేంది?" అని అడిగింది అమ్మ.

వాట్సాప్ గ్రూపులో మనం మొదటి మెసేజ్ పెట్టేటప్పుడు మన ఫోను ఒక కీ తయారుచేసి, ఒక్కొక్కరికీ విడివిడిగా భద్రంగా పంపుతుంది. ఎవరైనా బయటికి వెళితే మిగిలినవాళ్ళ ఫోన్లు పాత కీలు పారేసి కొత్తవి చేసుకుంటాయి. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేయగానే తాళం మార్చినట్టు. అందరికీ ఒకే కీ ఉండే గ్రూపులో 1024 మంది ఉంటే, ఒకరు పోగానే కొత్త కీని 1023 మందికి విడివిడిగా పంపాలి. అందుకే 1998లో వాంగ్, గౌడా, లామ్ అనే పరిశోధకులు కీలని చెట్టులా పేర్చి చూపించారు. ఒక్కొక్కరికీ తమ ఆకు నుంచి వేరుదాకా ఉన్న దారిలోని కీలే తెలుసు. ఒకరు వెళితే ఆ దారిలోవి మారిస్తే చాలు, 20 ఎన్‌క్రిప్షన్లతో పని అయిపోతుంది. 2023లో వచ్చిన ఎంఎల్‌ఎస్ ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 9420, కూడా చెట్టునే నమ్ముకుంది.

కానీ ఈ లెక్కంతా మొదలయ్యేది ఎవరో ఒకరు 'రిమూవ్' నొక్కాకే. అమ్మకి అదే చెప్పాను.

"ఎట్టా తీసేస్తాం నాయనా? ఇన్నేళ్ళ పరిచయం. బాధపడదా?"

మన పుస్తకాల్లో సభ్యులు వెళ్ళిపోవడం ఒక 'ఈవెంట్'. మా ఊళ్ళో అది మొహమాటం. దానికి ఏ ఆల్గారిథమూ లేదు.

చివరికి దారి కనుక్కుంది అమ్మవాళ్ళే. కంతులు కడుతున్నవాళ్ళతో లెక్కలకి కొత్త గ్రూపు పెట్టుకున్నారు. పాతదాన్ని పండగ పలకరింపులకి వదిలేశారు. ఎవర్నీ తీసెయ్యలేదు, ఎవరూ నొచ్చుకోలేదు. ఇప్పుడు నెల మీటింగులో లెక్కలతోపాటు గ్రూపులో ఉన్న పేర్లు కూడా చదువుతారు. ఆమె మళ్ళీ వస్తోంది. ఆ పాత మెసేజ్‌లు మాత్రం ఆ ఫోనులో అట్లాగే ఉన్నాయి. కొత్త కీ రేపటి మాటల్ని కాపాడుతుంది గానీ, నిన్నటివాటిని వెనక్కి తేలేదు.

మీ ప్రాజెక్టు గ్రూపులో, హాస్టల్ గ్రూపులో ఎవరెవరున్నారో ఈ పూట ఒకసారి పేర్లు చదివి చూడండి.