అడ్రస్ చూసుకోలేదు

అనుమతి తీసుకుని సిస్టమ్స్‌లోకి చొరబడి లోపాలు పట్టే పెనెట్రేషన్ టెస్టర్లకి ఓఎస్‌సీపీ అని ఓ పరీక్ష ఉంది. 23 గంటల 45 నిమిషాలు. వెబ్‌క్యామ్‌లో ప్రాక్టర్ చూస్తూనే ఉంటారు. పక్క గదిలో మా అమ్మా నిద్రపోలేదు.

రాత్రి రెండింటికి ఒక లినక్స్ మెషిన్‌లోకి దూరా. ఇక నా స్క్రిప్ట్‌ని అందులోకి పంపాలి, అంతే. దానికి నా దగ్గర కమాండ్ లైన్ టూల్ ఒకటుంది. ఫైల్ పేరు చెబితే చాలు, లినక్స్‌కి వీగెట్, కర్ల్, విండోస్‌కి సెర్ట్‌యుటిల్, పవర్‌షెల్... ఐపీ, పోర్టుతో సహా కమాండ్లు రాసిచ్చేస్తుంది. మన పని కాపీ, పేస్ట్.

పేస్ట్ చేశా. ఫైల్ రాలేదు. కర్ల్‌తోనూ అంతే. ఫైర్‌వాల్ ఆపుతోందేమోనని పోర్టు 8000 నుంచి 80కి మార్చా, తర్వాత 443కి. నలభై నిమిషాలు హుష్!

మంచినీళ్లు తాగొచ్చి ఆ కమాండ్‌ని చదివా. ఏడాదిగా వాడుతున్నా, చదవడం మాత్రం అదే మొదలు (నవ్వకండి). అందులో ఐపీ 10.0.2.15. అది నా ల్యాప్‌టాప్‌లోని వర్చువల్ మెషిన్ లోపలి అడ్రస్. అవతలి మెషిన్ ఫైల్ కోసం నా దగ్గరికి రావాలంటే వీపీఎన్ అడ్రస్ ఇవ్వాలి కదా! మార్చగానే సెకనులో వెళ్లిపోయింది.

పాసవ్వాలంటే 70 రావాలి. 60 దగ్గర టైం అయిపోయింది.

ఏ ఇంటర్‌ఫేస్ వాడాలో చెప్పే ఆప్షన్ ఆ టూల్‌లో ముందునుంచీ ఉందట. వచ్చే నెల మళ్లీ రాస్తున్నా. ప్రస్తుతానికి వీగెట్ లైన్ చేత్తోనే టైప్ చేస్తున్నా, అక్షరం అక్షరం.