కొలతకు తగిన ప్రయాణం

భారతదేశ పటంలో ఈశాన్య మూలకు చూడండి. సిక్కింకు తూర్పున, అస్సాంకు ఎగువన, హిమాలయాల ఒడిలో ఒక చిన్న దేశం కనిపిస్తుంది. అదే భూటాన్. దాని విస్తీర్ణం 38 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే ఇంచుమించు మన కేరళ అంత. అయితే కేరళలో మూడు కోట్లకు మించి జనం ఉండగా భూటాన్ జనాభా మొత్తం ఎనిమిది లక్షల లోపే. మా బరంపురంలో కాశీకీ, తిరుపతికీ వెళ్ళివచ్చినవారు వీధికి పదిమంది దొరుకుతారు. సింగపూరు చూసినవారూ ఉన్నారు. భూటాన్ చూసినవారు మాత్రం మా ఎరుకలో ఒక్కరూ లేరు. అందుచేత ఆ ప్రయాణానికి దారి మేమే వెతుక్కోవలసి వచ్చింది.

ఈ కోరిక మా అక్కయ్యది. ఆమె ముప్పై ఏళ్ళకు పైగా ఒడిశాలోని తెలుగు ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెప్పింది. నల్లబల్ల మీద హిమాలయాలను సుద్దముక్కతో ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. చూడడం మాత్రం ఒక్కసారీ పడలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళు సెలవు లేదు, సెలవు దొరికిన ఏడు డబ్బు లేదు, రెండూ సమకూరేసరికి డెబ్బై ఏళ్ళు నిండాయి. దానికి తోడు ఆయాసం. డార్జిలింగు అయితే దగ్గర కదా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. భూటాన్‌లో గంగ్‌ఖర్ పుయెన్సుమ్ అనే 7,570 మీటర్ల శిఖరం ఉంది. ప్రపంచంలో మనిషి ఇంతవరకు ఎక్కని శిఖరాలన్నింటిలో అదే ఎత్తయినది. ఆరు వేల మీటర్లకు మించిన కొండలు ఎక్కరాదని భూటాన్ 1994లో ఆంక్ష పెట్టింది. 2003లో పర్వతారోహణను పూర్తిగా ఆపివేసింది. కొండలు దేవతల నెలవులని అక్కడివారి నమ్మకం. "ఎక్కగలిగీ ఎక్కకుండా వదిలేసిన కొండ అది. చూస్తే దాన్నే చూడాలి తమ్ముడూ!" అంది అక్కయ్య.

మా ఊళ్ళోనే యాత్రలు ఏర్పాటు చేసే ఒకాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన వెంటనే రంగుల కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. ఐదు పగళ్ళు, నాలుగు రాత్రులు, పద్నాలుగు దర్శనీయ స్థలాలు. రోజూ ఉదయం ఆరు గంటలకే బయలుదేరాలి. ఒక్కొక్క చోట నలభై నిమిషాలు. అక్కయ్య వయసెంత అని గాని, ఆమెకు ఏమి చూడాలని ఉందని గాని ఆయన అడగలేదు. ఇంటికి వచ్చి ఆ కాగితం చూపించాను. అక్కయ్య కళ్ళజోడు సవరించుకొని చివరిదాకా చదివి, "ఇది ఎవరి ఒంటికో కుట్టిన జుబ్బా. మనం తొడుక్కుంటే భుజాల దగ్గర పిగులుతుంది" అని మడిచి ఇచ్చేసింది.

సరే, మన కొలతకు మనమే కుట్టించుకుందామని నిశ్చయించుకున్నాం. వెళ్ళేది నలుగురం: అక్కయ్య, నేను, నా భార్య, ఆరో తరగతి చదువుతున్న అక్కయ్య మనవడు. వాడు పక్కన ఉంటే లెక్కలన్నీ వాడే చేస్తాడు.

మొదటి లెక్క ప్రవేశానిది. భారతీయులకు వీసా అక్కరలేదు. అనుమతి పత్రం ఉంటే చాలు. దానికి పాస్‌పోర్టు గాని ఓటరు గుర్తింపు కార్డు గాని కావాలి. మనకు అన్నిచోట్లా అక్కరకు వచ్చే ఆధార్ కార్డు అక్కడ చెల్లదు. పిల్లలకు పాస్‌పోర్టు లేకపోతే పుట్టిన తేదీ ధ్రువపత్రం చూపాలి. మనవడు తల్లిదండ్రులు లేకుండా వస్తున్నాడు గనుక వారి సమ్మతి పత్రం కూడా రాయించి ఉంచాం.

రెండో లెక్క డబ్బుది. భూటాన్ 1974 వరకు విదేశీ యాత్రికులకు తలుపు తెరవలేదు. ఆ ఏడు నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం జరిగింది. యాత్రికుల రాక అప్పుడు మొదలైంది. తరువాత కూడా కొద్దిమంది వస్తే చాలు, వచ్చినవారు తగినంత ఖర్చు పెడితే మేలు అన్నదే ఆ దేశపు పద్ధతి. చాలాకాలం మనవారికి రుసుము లేదు. కరోనా తరువాత 2022 సెప్టెంబరులో సరిహద్దులు మళ్ళీ తెరిచినప్పటి నుంచి భారతీయులు కూడా తలకు రాత్రికి 1,200 రూపాయలు చెల్లించాలి. ఆరేళ్ళు నిండి పన్నెండేళ్ళు దాటని పిల్లలకు సగం. మేము లోపల ఉండదలచినది ఆరు రాత్రులు. పెద్దలు ముగ్గురికి 21,600, మనవడికి 3,600, వెరసి 25,200 రూపాయలని వాడు వేళ్ళ మీదే తేల్చాడు. గది, కారు, భోజనం ఖర్చులు దీనికి వేరు. నాకు ఎక్కువే అనిపించింది. అక్కయ్య మాత్రం, "ఇంటికి పదిమంది చుట్టాలు వస్తే ఆదరించగలం. వందమంది వచ్చి పడితే పీటలైనా వేయగలమా?" అంది. ఆ దేశపు నూల్ట్రమ్ విలువ మన రూపాయితో సమానం కావడం ఒక్కటే ఈ లెక్కలో కాస్త సుఖం.

చూడబోయే దేశాన్ని గురించి చదువుకోకుండా బయలుదేరడం అక్కయ్యకు ఇష్టం లేదు. సాయంత్రాలు నేను చదివేవాణ్ణి, ఆమె వినేది. దేశంలో కనీసం నూటికి అరవై వంతుల భూమి ఎల్లకాలం అడవిగానే ఉండాలని 2008 నాటి వారి రాజ్యాంగం శాసిస్తుంది. టెలివిజన్ 1999లో గాని ఆ దేశంలోకి రాలేదు. రాజధాని థింపూలో వాహనాలను నిలిపే రంగుదీపాలు లేవు. కూడలిలో పోలీసు నిలబడి చేతులతో దారి చూపుతాడు. దేశ సంపదకన్న ప్రజల ఆనందం ముఖ్యమన్న మాట అక్కడి రాజుగారి నోట వచ్చి లోకమంతటా పాకింది. అయితే ఆ మాట చదివిన వారంలోనే ఇంకొకటి చదివాం. 1990ల తొలి సంవత్సరాల్లో దక్షిణ భూటాన్‌లోని నేపాలీ మాట్లాడే జనం లక్షకు అటూ ఇటూగా ఇళ్ళు విడిచి తూర్పు నేపాల్‌లోని శిబిరాలకు చేరవలసి వచ్చింది. 2007 తరువాత వారిలో ఎక్కువమంది అమెరికా మొదలైన దేశాలలో స్థిరపడ్డారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొక భాషతో బతుకుతున్న మాబోటివారికి ఆ పేజీ అంత తేలికగా తిరగలేదు. ఆ పూట అక్కయ్య ఇక చదవమనలేదు. మరునాడు, "వెళ్దాం. కాని అక్కడ అందరూ ఆనందంగా ఉన్నారని తిరిగివచ్చి పిల్లలకు చెప్పను" అంది.

ఆ తరువాత థింపూలో ఉండే ఒక మార్గదర్శికి ఉత్తరం రాశాను. ఈ రోజుల్లో ఉత్తరమంటే ఈ-మెయిలే అనుకోండి. మూడో రోజున జవాబు వచ్చింది. అందులో స్థలాల పట్టిక లేదు, అన్నీ ప్రశ్నలే. అక్కగారు వరుసగా ఎన్ని గంటలు కారులో కూర్చోగలరు? మోకాళ్ళ నొప్పి ఉందా? మధ్యాహ్నం పడుకునే అలవాటు ఉందా? మిరపకాయలు తింటారా? ఈ చివరి ప్రశ్నకు మా ఇంట్లో అందరూ నవ్వారు. మిరపకాయలనే కూరగాయలుగా చేసుకొని జున్నుతో వండే 'ఎమా దత్సి' అక్కడ ఇంటింటి వంటకం. తెలుగువాళ్ళను కారం గురించి అడగనక్కరలేదని రాశాను. దర్జీ టేపు పట్టుకొని కొలిచినట్లు ఆయన మమ్మల్ని దూరం నుంచే కొలిచాడు.

ఇక దారి. భూటాన్ లోపలికి రైలు లేదు. మేము బరంపురంలో రైలెక్కి హౌరాలో దిగాలి. నగరం దాటి సియాల్దా చేరి రాత్రి బండి ఎక్కితే మరునాటికి ఉత్తర బెంగాల్‌లోని హాసీమారా వస్తుంది. అక్కడికి 18 కిలోమీటర్ల దూరంలో మన వైపు జైగావ్, ద్వారం అవతల భూటాన్ వారి ఫుంట్‌షోలింగ్. ఆ రాత్రి జైగావ్‌లోనే పడుకుంటాం. ద్వారం దాటగానే గడియారం అరగంట ముందుకు తిప్పుకోవాలి.

అసలు చిక్కు ఎత్తులతో వచ్చింది. ఫుంట్‌షోలింగ్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. థింపూ 2,300 మీటర్ల పైన. ఒక్క పగటిలో రెండు వేల మీటర్లు ఎక్కడమన్న మాట. "వెళ్ళవచ్చు. తొందర మాత్రం కూడదు. ఎక్కిన రోజున విశ్రాంతి, మరునాడు కూడా మెల్లగా తిరగడం" అని మా వైద్యుడు చెప్పాడు. అందుకని థింపూలో రెండు రాత్రులు పెట్టుకున్నాం. మూడో రోజు ఉదయాన్నే బయలుదేరి 3,100 మీటర్ల ఎత్తున ఉన్న దోచూ-లా కనుమ చేరుతాం. అక్కడ నూట ఎనిమిది చోర్టెన్లు వరుసలుగా నిలిచి ఉంటాయి. చోర్టెన్ అంటే మన స్తూపమే. అమరావతి, శాలిహుండం చూసినవారికి కొత్త కాదు. వానలు వెనుదిరిగిన అక్టోబరులో మబ్బు లేని ఉదయమైతే ఆ కనుమ నుంచి మంచుశిఖరాల బారు కనిపిస్తుంది. అందులో గంగ్‌ఖర్ పుయెన్సుమ్ కూడా ఉంటుంది. ఈ ప్రయాణమంతా ఆ ఒక్క గంట కోసమే. మబ్బు పడితే? ఆ ప్రశ్నకు మార్గదర్శి ఇచ్చిన జవాబు ఎంతో నచ్చింది. కనుమకు అవతల పునాఖా లోయలో రెండు రాత్రులు ఉంచాడు. తిరుగు దారి మళ్ళీ ఆ కనుమ మీదుగానే గనుక రెండో అవకాశం దక్కుతుంది. పైగా పునాఖా 1,200 మీటర్ల ఎత్తే. అక్కయ్య ఊపిరికి హాయి. తండ్రి నది ఫో ఛూ, తల్లి నది మో ఛూ కలిసే చోట 1637లో కట్టడం మొదలుపెట్టిన కోట అక్కడ ఉంది. ఆ కోటను నది ఒడ్డున కూర్చొని చూడడానికే ఒక సాయంత్రమంతా విడిచిపెట్టాం.

ఇక కత్తెర పడినవి. మధ్య భూటాన్‌లోని బుమ్‌తాంగ్ లోయను నేను చూడాలనుకున్నాను. థింపూ నుంచి కొండదారిలో పగలంతా ప్రయాణం, మానుకున్నాను. మనవడికి ఫోబ్‌జీఖా లోయలో శీతకాలం గడిపే నల్లమెడ కొంగల మీద మనసు. అవి టిబెట్ నుంచి వచ్చేది అక్టోబరు చివరి నుంచి. వాడి పూజా సెలవులు అంతకు ముందే అయిపోతాయి. కొంగలకు మన సెలవుల సంగతి తెలియదు గదా! వాడు రెండు రోజులు ముఖం ముడుచుకొని, మూడో రోజు పటంలో ఆ లోయ చుట్టూ పెన్సిలుతో ఒక గీత గీసి ఉంచాడు.

మిగిలిన రెండు రాత్రులు పారోలో. అక్కడే తక్‌త్సాంగ్ ఉంది. కొండచరియకు అతుక్కున్నట్లు 3,100 మీటర్ల ఎత్తున కట్టిన ఆ మఠాన్ని బొమ్మల్లో మీరూ చూసి ఉంటారు. గురు పద్మసంభవుడు పులి మీద వచ్చి అక్కడి గుహలో తపస్సు చేశాడంటారు. 1692లో కట్టిన మఠం 1998లో కాలిపోగా మళ్ళీ నిర్మించుకున్నారు. పద్మసంభవుని పేరు మాకు కొత్త కాదు. మా బరంపురానికి కొన్ని గంటల దూరంలో చంద్రగిరి దగ్గర టిబెట్టువారు 1963 నుంచి కాపురం ఉంటున్నారు. అక్కడి జిరంగలోని పెద్ద విహారం ఆయన పేరిటే వెలసింది.

తక్‌త్సాంగ్‌కు కారు పోదు. పారో లోయ నుంచి తొమ్మిది వందల మీటర్లు ఎక్కాలి. సగం దారిలో ఒక టీ కొట్టు ఉంది. అంతవరకు గుర్రాలు దొరుకుతాయి. ఆ పైన నడకే. చివరికి లోయలోకి దిగి మళ్ళీ ఎక్కే వందలకొద్దీ మెట్లు. అక్కయ్యను వదిలి మేము వెళ్ళడమా, అందరం మానుకోవడమా? నా భార్య మానుకుందామంది. నాకూ అదే న్యాయమనిపించింది. అక్కయ్య వినలేదు. "నేను గుర్రం మీద టీ కొట్టు దాకా వస్తాను. అక్కడి నుంచి మఠం ఎదురుగా కనిపిస్తుందని ఆయన రాశాడు కదా. మీరు ఎక్కి రండి. నాకోసం పిల్లవాడి కాళ్ళు కట్టేయకండి" అంది. నా భార్య ఆమెతో ఉంటుంది, నేనూ మనవడూ పైకి వెళ్తాం అని చివరికి తేలింది. మార్గదర్శికి అలాగే రాశాను.

రైలు టికెట్లు అరవై రోజుల ముందు గాని ఇవ్వరు. ఆ తేదీకి ఇంకా పన్నెండు రోజులు ఉంది. ఈలోగా అక్కయ్య రోజూ సాయంత్రం మా మేడ మెట్లు ఎక్కడం సాధన చేస్తోంది. ఇరవై రెండు మెట్లు. మనవడు పక్కన నడుస్తూ లెక్కపెడతాడు. నిన్న పదకొండో మెట్టు దగ్గర ఆగి గోడకు చేరగిలి కూర్చుంది. వాడు కంగారుపడి, "ఏమైంది అమ్మమ్మా?" అన్నాడు.

"ఏమీ కాలేదు. ఇదే టీ కొట్టు. నువ్వు పైదాకా వెళ్ళి రా, నేను ఇక్కడే చూస్తూ ఉంటాను" అంది.