థ నడుమ చుక్క

ఏ కంప్యూటర్ షాపుకైనా వెళ్ళండి. గోడ పొడుగునా పేర్చిన మానిటర్లలో ఒకదాంట్లో కారు ఎడారిలో దుమ్ము రేపుకుంటూ పోతూంటుంది. పక్కదాంట్లో పంచవన్నెల చిలక రెక్కలు విదిలిస్తూంటుంది. ఆ పక్కన సముద్రం అడుగున చేపలు. అక్షరమనేది ధర చీటీ మీద తప్ప ఎక్కడా కనిపించదు. కొనుక్కెళ్ళేవాళ్ళలో చాలామంది మర్నాడు పొద్దున్నుంచీ ఆ తెర మీద చూడబోయేది ఎక్సెల్ గళ్ళూ, ఆఫీసు ఈమెయిళ్ళూ, నాలాంటివాళ్ళయితే పుస్తకాల ప్రూఫులూ. చిలకతో మాకేం పని?

"పనికోసం బాబూ" అని చెప్పి చూడండి. "అయితే ఏదైనా ఒకటే సార్" అంటూ కుర్రాడు చవక రకాలున్న మూలకి చెయ్యి చూపిస్తాడు. "గేమింగ్‌కి" అంటే మాత్రం కుర్చీ వేస్తాడు. ఆటాడేవాడికే కళ్ళున్నాయి కాబోలు, పనిచేసేవాడికి లేవు.

ఈ తగువు మా ఇంట్లోకీ వచ్చింది. మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుకోసం మా దగ్గరే ఉంటున్నాడు. పగలు నా ప్రూఫులు, రాత్రి వాడి వేలరంట్ ఆట; ఇద్దరికీ ఒకటే బల్ల, ఒకటే తెర. ఆ తెర నిలువు గీతలు చూపించడం మొదలెట్టాక ఇక కొత్తది కొనక తప్పలేదు. వాడు హెర్ట్జుల దగ్గర పట్టుబట్టాడు. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి బొమ్మ మారుస్తుందట, 144 అయితే ఏడుకి లోపే, 240 అయితే నాలుగు చిల్లర. గోడ చాటునుంచి అవతలివాడు తొంగిచూసినప్పుడు ఆ తేడాలోనే చావుబతుకులట.

హెర్ట్జుల సంగతి మా తరానికి వీళ్ళు చెప్పాలా! గాజు డబ్బా మానిటర్ల రోజుల్లో 60 మీద పెడితే తెరంతా ఓరకంటికి అదురుతూ కనిపించేది. 85 మీద పెట్టుకుంటేగానీ సాయంత్రానికి తల పనిచేసేది కాదు. ఎల్‌సీడీ వచ్చి ఆ మినుకు పోయింది కాబట్టి లోకం 60తో సర్దుకుంది. ఇప్పుడు 144 మీద పేజీ పైకీ కిందికీ జరిపితే అక్షరం చెరక్కుండా జారడం నాకూ హాయిగానే ఉంటుంది. (కొన్నాక చాలామంది ఒక పని మరిచిపోతారు. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్ళి చూసుకోకపోతే 144 తెర కూడా 60 మీదే నడుస్తూ ఉండిపోవచ్చు.)

అంతవరకూ సంధి కుదిరేదే. కానీ వాడొక మాటన్నాడు: "మామయ్యా, నువ్వు చూసేవి కదలని అక్షరాలేగా. వాటికి ఏ తెరైతేనేం?"

కదలని అక్షరాలు! ఒరేయ్, కదిలేదాన్ని కన్ను క్షమిస్తుంది. నిలబడినదాన్ని క్షమించదు. అందులోనూ తెలుగు అక్షరం. ఇంగ్లీషు అక్షరానికి ఎత్తంతా తనదే. మన "రాష్ట్రం" చూడు: ష తలకట్టుతో పైన కూర్చుంటుంది, కింద టవత్తు వేలాడుతుంది, దాన్ని చుట్టుకుని క్రారవడి. ఇదంతా ఒకే వరస ఎత్తులో ఇరికించాలి. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరకి అంగుళానికి దక్కేది 82 చుక్కలు (పిక్సెళ్ళు). చవగ్గా పెద్ద తెర అని జనం ఎగబడేది దీనికే. అదే ఫుల్ హెచ్‌డీ 24 అంగుళాల్లో 92. 27 అంగుళాల్లో 2560 బై 1440 అయితే 109, 4కే అయితే 163. ఆ 82 మీద పుస్తకం సైజు అక్షరం పెట్టి "కథ" అని కొట్టండి. థ పొట్టలో చుక్క చుట్టూ ఉన్న గీతలో కరిగిపోయి "కధ" అయి కూర్చుంటుంది. తప్పు డీటీపీవాడిదా, తెరదా? ప్రూఫు దిద్దేవాడికి ఇంతకన్నా నరకం ఉందా? జూమ్ పెంచితే చుక్క కనిపిస్తుంది, పేజీ కనిపించదు.

4కే తెర తీసుకుని స్కేలింగ్ 150 శాతం పెడితే అక్షరం సైజు 1440 తెర మీద ఉన్నంతే ఉంటుంది, కానీ దాన్ని కట్టడానికి చుక్కలు రెట్టింపుకి మించి దొరుకుతాయి. షాపుకి పెన్‌డ్రైవ్‌లో ఒక తెలుగు పేజీ పీడీఎఫ్ పట్టుకెళ్ళి, మీరు కొనబోయే తెర మీద తెరిపించి చూడండి. కుర్రాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఓఎల్‌ఈడీ మీద వాడికి మోజు. నలుపు నిజంగా నలుపే, ఆటకి దానికి సాటి లేదు. అయితే వాటిలో ఎరుపు, పచ్చ, నీలం గింజల అమరిక మామూలు ఎల్‌సీడీలా ఉండదు కాబట్టి చాలావాటిలో అక్షరాల అంచున సన్నటి రంగు కనిపిస్తుంది. పైగా రోజంతా ఒకే టూల్‌బారు ఒకేచోట ఉంచితే దాని ముద్ర పడిపోయే భయం. నాకొద్దు.

4కేకి వాడి అభ్యంతరం గ్రాఫిక్స్ కార్డు. ఫుల్ హెచ్‌డీలో 20 లక్షల చిల్లర పిక్సెళ్ళు, 4కేలో దాదాపు 83 లక్షలు. కార్డు చాకిరీ నాలుగింతలు. ఆట ఫుల్ హెచ్‌డీలోనే ఆడుకో, 3840 సరిగ్గా 1920కి రెట్టింపేగా, సమంగా సరిపోతుంది అన్నాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పూట తిరిగి 27 అంగుళాల ఐపీఎస్ రకం ఎల్‌సీడీ, 4కే, 144 హెర్ట్జ్‌ది తెచ్చాం. ఇద్దరం బాగానే ఉన్నాం.

నేను బాగా లేనిది ఒక్క ఎత్తు విషయంలో. మానిటరుని మూల నుంచి మూలకి కొలిచి అమ్మడమంత మోసం ఇంకోటి లేదు. పాత 19 అంగుళాల చదరపు ఎల్‌సీడీ గుర్తుందా, 1280 బై 1024? దాని ఎత్తు దాదాపు 11.9 అంగుళాలు. ఇవాళ్టి 24 అంగుళాల వెడల్పు తెర ఎత్తు 11.8. అయిదంగుళాలు పెరిగిందని డబ్బు తీసుకుని ఎత్తులో వెంట్రుకవాసి తగ్గించారు! టీవీల కొలతకే కోస్తే పెద్ద గాజు పలకలో వృథా తగ్గుతుందని ప్యానెల్ కంపెనీలు 2008 ప్రాంతంలో అందరినీ 16:9లోకి తోశాయి. సినిమా చూసేవాడికి బాగుంది. పుస్తకం పేజీ నిలువుగా ఉంటుందన్న సంగతి ఒక్కడికీ గుర్తు రాలేదు. ఎల్జీవాళ్ళు 2022లో డ్యుయల్‌అప్ అని వెడల్పుకన్నా ఎత్తే ఎక్కువున్న 16:18 తెర తెచ్చారు, ఎంతమంది కొన్నారు?

నేను పని నేర్చుకున్న చిక్కడపల్లి డీటీపీ సెంటర్లో మూడు గాజు డబ్బాలుండేవి. ఒక్కోటీ ఎత్తాలంటే ఇద్దరు కావాలి. మెరుపు తగలకుండా ముందు నల్లటి అద్దం ఒకటి తగిలించేవాళ్ళు, దానిమీద దుమ్ము వేలితో గీస్తే గీత పడేది. ఆన్ చెయ్యగానే "ధుమ్" మని బొమ్మ ఒక్క ఊపు ఊగి నిలబడేది. పేజ్‌మేకర్లో పేజీ మొత్తం ఒకేసారి కనిపించేది, చదవడానికి వీలుగా కాకపోయినా. ఆపరేటర్ మంచి వేగం మనిషి, కీబోర్డు మీద అక్షరాలన్నీ అరిగిపోయి నున్నటి బిళ్ళలు మిగిలినా చూడకుండా కొట్టేవాడు. ఆయుధపూజనాడు మూడు మానిటర్ల నుదుటా పసుపు రాసి కుంకం పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, ఆ పూట ఎంత అర్జెంటు శుభలేఖ వచ్చినా ముట్టుకోనిచ్చేవాడు కాదు. మొన్న దసరాకి మా ఆవిడ కుంకం భరిణె పట్టుకుని కొత్త మానిటరు ముందు నిలబడింది. అంచు లేదు, నుదురు లేదు, బొట్టెక్కడ పెట్టడం? చివరికి స్టాండు కాలికి పెట్టింది.

మీ అటక మీద ఆ 19 అంగుళాల చదరపు తెర ఉంటే పాతసామాన్లవాడికి వేసెయ్యకండి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టరు కొని, పెద్ద తెర పక్కన రెండోదిగా పెట్టుకోండి. ఈమెయిలుకీ, నిఘంటువుకీ అంతకన్నా మంచి చోటు లేదు.